కప్పను కప్ప ఎందుకు మింగుతుంది?

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు పక్క వరిమడులలో తొలకరి పడగానే బావురు కప్పల బెకబెకలు మొదలవుతాయి. మగకప్పలు నిమ్మపండు రంగుకు తిరిగి, గొంతు కింద నీలి తిత్తులు ఉబ్బిస్తాయి. ఎంత అందమో!

ఈ కప్ప తనకంటే చిన్న కప్పనూ మింగేస్తుంది. పగతో కాదు. కదిలేది, నోట్లో పట్టేది ఏదైనా దానికి ఆహారమే. జిగురు నాలుక చాచి లాగుతుంది. మింగేటప్పుడు కళ్లు మూసుకుంటుంది, ఎందుకో తెలుసా? కనుగుడ్లు లోపలికి దిగి ఆహారాన్ని గొంతులోకి నెడతాయి!

దీని తోకకప్పలూ అంతే. వాననీటి గుంట ఎండేలోపు కాళ్లు రావాలి. తోటి తోకకప్పను తింటే మాంసకృత్తులు దొరుకుతాయి, పోటీ కూడా తగ్గుతుంది. మనుషుల వల్ల అండమాన్ చేరిన ఇవే అక్కడి స్థానిక తోకకప్పలనూ తినేస్తున్నాయి.