జొన్నకూడును కందిపప్పును

పల్నాటి జొన్నకూటిని శ్రీనాథుని చాటువులు పరిహసించినవని చదువరు లెఱుగుదురు. మేము జొన్నను నిందింపము. దాని కొఱత యేమో మాత్రము చెప్పుదుము.

తిన్న మాంసకృత్తులు కడుపులో నఱిగి, 20 విధములగు అమైనో ఆమ్లములుగా విడిపోవును. కండయు, నెత్తురును, చర్మమును వానితోనే దేహము కట్టుకొనును. అందు 9 దేహము స్వయముగా చేసికొనజాలదు, ఆహారమునుండియే రావలయును. జోడెద్దులలో నొకటి కుంటినచో అరక సాగనట్లు, ఒక్క ఆమ్లము తగ్గినను తక్కినవి అక్కఱకు రావు. జొన్నలో లైసిను తక్కువ, కందిలో మెండు. కందిలో కొఱతపడు మిథియోనిను జొన్న కొంత తీర్చును.

జొన్నలో లూసిను అధికమగుట పెల్లగ్రా వ్యాధికి కారణము కావచ్చునని హైదరాబాదు పరిశోధనశాలయందు డాక్టరు సి. గోపాలన్ గారును వారి సహోద్యోగియు 1960లో సూచించిరి. ఆ వ్యాధిలో ఎండ తగులు మెడయు చేతులును నల్లబడి పొరలూడును.

సాగరు కాలువలు వచ్చిన పిమ్మట పెక్కిండ్ల వరియన్నమే వాడుక. బియ్యమునందును లైసిను కొఱతయే!

2020 నాటి భారత వైద్య పరిశోధన మండలి లెక్క ప్రకారము 60 కిలోల మనిషికి దినమునకు సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు వలయును. కళ్లములోనే కందులన్నియు కాటా కెక్కించి, పిదప కిలో పప్పు కొనుటకు వెనుదీయు నిండ్లను మేమెఱుగుదుము. ఏడాదికి చాలినన్ని మొదట గాదెలో పోసికొని, మిగిలినవి సంఘమునకు తోలుడు.