వారం రోజుల శిక్షణతో కమ్మరం అబ్బుతుందా?

ఆర్.కె.పేట ప్రాంతపు తండ్రి ఒకరు ఈ వేసవిలో నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆయన మరమగ్గం మీద పనిచేస్తారు. ఆయన తండ్రికి కొలిమి ఉండేది. కుమారుడు ప్లస్ టూ ముగించాడు, 18 ఏళ్ళు నిండాయి. “అయ్యవారూ, వారంలో కమ్మరం నేర్పుతారట. పంపితే పని వస్తుందా?” అన్నారు. తెలియని విషయానికి జవాబు చెప్పడం ఇష్టంలేక, సరిహద్దుకు అవతల జరిగిన ఒక అయిదు రోజుల శిక్షణలో నేనే చేరాను. అక్కడ తెలుసుకున్నది మన పల్లె కుటుంబాలకు ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

మొదటి రోజు సుత్తి పట్టనివ్వలేదు. కొలిమిలో బొగ్గు పేర్చడం, గాలిని హెచ్చించడం, తగ్గించడం మాత్రమే నేర్పారు. ఈనాడు తోలు తిత్తుల స్థానంలో చేతితో తిప్పే పంకాలు, కరెంటు బ్లోయర్లు వచ్చాయి. నిప్పును అదుపులో ఉంచే విద్య మాత్రం మారలేదు. రెండవ రోజున ఇనుప కడ్డీని సాగదీయడం, వంచడం, మెలిపెట్టడం నేర్పారు. మూడవ రోజున కొనను దిమ్మగా కొట్టి లావు చేయడం, రంధ్రం పొడవడం, ఉలితో తెంచడం అయ్యాయి. చివరి రెండు రోజులలో ఒక చిన్న కత్తిని తయారుచేసి, పదును పెట్టించారు.

ఈ విద్యకు మూలం రంగు. ఇనుము వేడెక్కేకొద్దీ దాని రంగు మారుతుంది. చీకటిలో మాత్రమే కనిపించే మసక ఎరుపు 500 నుండి 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర వస్తుంది. పండు ఎరుపు 750, 800 డిగ్రీల ప్రాంతంలోను, నారింజ రంగు 900 డిగ్రీలు దాటాకను కనిపిస్తాయి. సాగగొట్టడానికి నారింజ నుండి పసుపు వరకు అనుకూలం. ఎరుపు మసకబారిన తరువాత కూడా కొడుతూ ఉంటే లోహం చీలుతుంది. తెల్లబడి నిప్పురవ్వలు చిమ్మితే లోహమే కాలిపోతున్నదని అర్థం. నా మొదటి కడ్డీ అలాగే పాడయింది. పక్కవారితో మాట్లాడుతూ రెండు నిమిషాలు ఏమరినందుకు కొన పొడిపొడిగా రాలిపోయింది. కొలిమిని నీడలో ఎందుకు కడతారో నాకు అప్పుడు బోధపడింది. ఎండలో ఈ రంగులు కంటికి ఆనవు.

రెండవ పాఠం లోహాన్ని ఎంచుకోవడం. కిటికీ కడ్డీల వంటి మెత్తని ఇనుములో కర్బనం సుమారు 0.25 శాతం లోపే ఉంటుంది. దానితో కొక్కీలు, గొళ్ళేలు చేయవచ్చును గాని, ఎన్ని మార్లు కాచి నీటిలో ముంచినా వాడి నిలువదు. పాత లారీ కమాను కట్టలలో కర్బనం దాదాపు 0.5 శాతం, ఆపైన ఉంటుంది. కొడవలికి, చెరకు కొట్టే కత్తికి కమ్మరులు వాటిని వెదకి తెచ్చుకొనేది అందుకే. సానయంత్రానికి ఆనించి చూస్తే తేడా తెలుస్తుంది. మెత్తని ఇనుము రవ్వలు పొడవుగా, సూటిగా పోతాయి. కర్బనం హెచ్చుగా ఉన్న ఉక్కు రవ్వలు దగ్గరలోనే నక్షత్రాలవలె చిట్లుతాయి.

మూడవది పదును. వాడుకలో పదును అంటే వాడి అనుకుంటాము. కమ్మరికి అది రెండు మెట్ల పని. ముందు కత్తిని పండు ఎరుపుకు తెచ్చి, నూనెలోనో నీటిలోనో ముంచి గట్టిపరుస్తారు. ఆ వేడిలో ఇనుము అయస్కాంతానికి అంటదు. కంటి మీద నమ్మకం కుదరని కొత్తవారు దీనిని గురుతుగా పెట్టుకోవచ్చు. ఇలా ముంచిన ఉక్కు గాజువలె పెళుసు. అందుచేత దానిని రుద్ది మెరిపించి, మళ్ళీ నెమ్మదిగా వేడిచేస్తారు. అప్పుడు ఎండుగడ్డి రంగు, గోధుమ రంగు, ఊదా, నీలం వరుసగా పైకి వస్తాయి. కత్తికి గడ్డి రంగు, గోధుమ రంగుల నడుమ, దెబ్బలు తినే గొడ్డలికి, ఉలికి ఊదా దగ్గర ఆపాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే రంగు దాటిపోతుంది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. నైలాను బట్టలు నిప్పుకు ఒంటికి అంటుకుంటాయి గనుక నూలు బట్టలే వేసుకోవాలి. కళ్ళద్దాలు తప్పనిసరి. జింకు పూత ఉన్న ఇనుమును కొలిమిలో పెట్టరాదు, ఆ పొగ జ్వరం తెప్పిస్తుంది. గాలి ఆడని గదిలో బొగ్గు కాల్చడం ప్రాణాపాయం.

ఇక డబ్బు సంగతి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఆనాటి నుండి ఒకే బంధువర్గం రెండు ప్రభుత్వాల కింద ఉన్నది. కేంద్రం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో కమ్మరం ఒకటి. 40 గంటల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయలు అందులో ఉన్నాయి. ఆ పథకాన్ని ఉన్న రూపంలో అమలు చేయబోమని 2024 నవంబరులో తమిళనాడు ప్రభుత్వం తెలిపింది. 35 ఏళ్ళు నిండినవారికి 25 వృత్తులలో 3 లక్షల రూపాయల వరకు రుణం, అందులో 50,000 రూపాయలకు మించకుండా 25 శాతం రాయితీ ఇచ్చే కలైఞర్ కైవినై తిట్టం అనే వేరొక పథకాన్ని తెచ్చింది. నగరి వైపు బంధువుకు వచ్చినది ఇక్కడివారికి రాకపోవచ్చునని గ్రహించాలి. విశ్వకర్మ పథకం ఇప్పటికే ఆ పని చేస్తున్నవారికి ఉద్దేశించినది, కొత్తగా నేర్చుకొనేవారికి కాదు. దరఖాస్తుకు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో నియమాలను అడిగి తెలుసుకోవడం మంచిది. దళారులకు డబ్బు ఇవ్వవద్దు.

చేతి విద్యకు వారసులు లేకపోతే ఏమవుతుందో మన చరిత్రే చెబుతున్నది. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కును కొనడానికి ఒకనాడు పారశీక వర్తకులు వచ్చేవారు. తరువాతి కాలంలో ఆ మూస ఉక్కు తయారీ క్రమంగా నిలిచిపోయింది. పనివారి చేతులలో ఉండిన ఆ మెళకువను శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలలో తిరిగి వెదకవలసి వచ్చింది.

ఆ తండ్రికి నేను చెప్పిన సమాధానం ఇది: “వారంలో కమ్మరం రాదు. కంటికి రంగు తెలుస్తుంది, చేతికి భయం పోతుంది, ఈ పని తనకు సరిపడుతుందో లేదో అబ్బాయికి అర్థమవుతుంది. అంతవరకు ఆ వారం వృథా కాదు. ఆపైన కనీసం ఒక ఏడాది మంచి కమ్మరి పక్కన నిలబడాలి. వెల్డింగు కూడా నేర్చుకుంటే రెండు పనులతో జీవనం సాగుతుంది.”

ఆ తాతగారు ఇంకా ఉన్నారు. సమ్మెట ఎత్తలేరు గాని, రంగు చూసి ఇక చాలు అనగలరు. శిక్షణ నుండి వచ్చిన మనుమడు మొదటి కొడవలికి పదును పెట్టేనాడు ఆయనను పక్కన కూర్చోబెట్టుకోమన్నాను. కొలిమిని తమిళంలో ఉలై అంటారు, పట్టకారును కురడు అంటారు. బడిలో తమిళం చదివిన ఆ పిల్లవానికి ఆ మాటలు తెలుసు. తెలుగు మాటలు మాత్రం తాత నోటనే వినాలి.

మీ ఇంట కూడా అటువంటి పెద్దలు ఉంటే, పిల్లలను శిక్షణకు పంపే ముందు ఒక సాయంత్రం వారి దగ్గర కూర్చోబెట్టండి.