ఫోన్ తయారీ ఖర్చు అంటే బీఓఎం ఒక్కటేనా? తాండూరు బండతో లెక్క చూద్దాం

కొత్త ఫోన్ లాంచ్ అవగానే "దీనికి అయ్యే ఖర్చు రేటులో సగం కూడా లేదట" అని పోస్టులు వచ్చేస్తాయి. వాటిలో చూపించేది ఎక్కువగా బీఓఎం, అంటే డిస్‌ప్లే, చిప్, కెమెరా లాంటి విడిభాగాల ఖరీదు. తయారీ ఖర్చు అక్కడితో ఆగదు.

వికారాబాద్ జిల్లా తాండూరు నాపరాళ్లకు ఫేమస్. అక్కడి పాలిషింగ్ యూనిట్లో ఒక బండ లెక్క ఇలా ఉందనుకుందాం (అంకెలు ఉదాహరణకే):

• ముడిరాయి: రూ.40
• కోత, పాలిష్ కూలి: రూ.20
• కరెంటు, బ్లేడ్ల అరుగుదల, షెడ్డు అద్దె: రూ.30

ప్రైమ్ కాస్ట్: ముడిరాయి, కూలి కలిపి రూ.60.

కన్వర్షన్ కాస్ట్: రాయిని బండగా మార్చే ఖర్చు. కూలి, మిగతా యూనిట్ ఖర్చులు కలిపి రూ.50.

ఈ రెండూ కూడితే రూ.110 వస్తుంది, కానీ అది తప్పు. కూలి రెండుసార్లు పడింది. అసలు ఖర్చు రూ.90.

నెల లెక్కలో ఇంకో మెలిక ఉంది. పాత నెల నుంచి సగంలో ఉన్న బండల విలువ కలపాలి, నెలాఖరుకు పూర్తికానివి తీసేయాలి. అప్పుడే పూర్తయిన సరుకు ఖర్చు తేలుతుంది.

హైదరాబాద్‌కు లారీ కిరాయి, డీలర్ కమీషన్ ఇందులో రావు. ఫోన్‌కైనా అంతే: బీఓఎం అంటే ఆ ముడిరాయి రూ.40 లాంటిదే. అసెంబ్లీ దాని పైన. రీసెర్చ్, యాడ్స్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, జీఎస్టీ వేరే.

అందుకే ఈసారి అలాంటి పోస్టు కనిపిస్తే, కంపెనీ దోచుకుంటోందని షేర్ చేసేముందు ఒక్కటి అడగండి: ఇది ఏ ఖర్చు?