పెద్ద దుకాణంలో కొలువు

"అయ్యగారూ, మా బిడ్డ ఇంటరు పాసైంది. సిద్దిపేటల పెద్ద బజారు పెడితే కొలువులు దొరుకుతయట. పంపమంటరా?"

గృహదర్శనానికి వెళ్లినప్పుడు ఒక తల్లి నన్నడిగిన మాట ఇది.

2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా కేంద్రమైంది. 2023 అక్టోబరు 3న సికింద్రాబాదుకు రైలు మొదలైంది. పెరిగే ఊరికి పెద్ద దుకాణాలు రాక మానవు. హైదరాబాదులో త్రినేత్ర 1986లోనే వచ్చింది. రిలయన్స్ ఫ్రెష్ తన మొదటి దుకాణాలను 2006లో అక్కడే తెరిచింది.

పంపవచ్చునా? పంపవచ్చు. పత్తిచేలో ఎండకు మాడే బిడ్డకు నెలజీతం చిన్న సంగతి కాదు. అయితే ప్రియ తల్లిదండ్రులారా, జీతమెంతో తెలుసుకొని అంతటితో తిరిగి రాకండి. ఆ జీతం ఇచ్చేది ఎవరో అడగండి. బోర్డు మీది పేరు ఒకరిది, జీతమిచ్చే కాంట్రాక్టరు మరొకరు అయితే, జీతం ఆగిన నెల ఎవరి గడప తొక్కాలి? ఇరవై మంది, అంతకు మించి పనిచేసేచోట పి.ఎఫ్. ఉండాలి. బిడ్డ వాటా 12 శాతం, యజమాని వాటా కూడ అంతే. ఈ.ఎస్.ఐ. అయితే బిడ్డ కట్టేది 0.75 శాతం, యజమాని కట్టేది 3.25 శాతం. చేతికొచ్చే డబ్బు తగ్గుతుందని కొందరు వీటిని వద్దంటారు. జబ్బు చేసిన రోజున గాని దాని విలువ తెలియదు.

కూర్చోవడానికి స్టూలు ఉందో లేదో కూడ చూడండి. నవ్వకండి! కేరళలో బట్టల దుకాణాల్లో పనిచేసే స్త్రీలు ఏళ్ల తరబడి పోరాడితే, 2018లో కూర్చునే హక్కు చట్టంలోకి ఎక్కింది. 2021లో తమిళనాడు కూడ అదే బాట పట్టింది. రాత్రి ఇంటికి వచ్చిన బిడ్డ వాచిన కాళ్లను చూచే తల్లికి ఇది వివరించనక్కరలేదు.

మన వాడకట్టులోని కిరాణం సేటును కూడ తలంచుకొందాం. పంట పోయిన ఏడు ఖాతాలో రాసుకొని నూనె, పప్పు ఇచ్చింది ఆయనే. పెద్ద బజారు కౌంటరులో ఉద్దెర నడవదు. ఆయన కొట్టులోనూ పొట్లాలు కట్టి బతికే పిల్లలున్నారు. కొత్త కొలువులు ఎన్నో అందరూ చెబుతారు గాని, ఆ పిల్లల లెక్క ఎవరూ చెప్పరు.

ఆ తల్లితో ఇదంతా చెప్పి చివరకు ఇలా అన్నాను: "మొదటి రోజు బిడ్డతో నువ్వు కూడ పోమ్మా. నియామక పత్రం అడుగు. రాత్రి ఎన్ని గంటలకు వదులుతారో, ఆ వేళకు మన ఊరికి బస్సు ఉంటుందో లేదో కనుక్కో."