కార్ స్టీరియో వాల్యూమ్ నాబ్ మొరాయిస్తోందా? సెట్ మార్చేముందు ఇది చూడండి
నాబ్ తిప్పితే సౌండ్ పెరగాల్సింది పోయి తగ్గుతోందా? స్టీరింగ్ బటన్లతో సరిగ్గా మారుతుంటే సెట్ బాగానే ఉన్నట్టు, తేడా నాబ్‌లోనే.

దాని వెనుక ఉండేది రోటరీ ఎన్‌కోడర్. ఇందులో రెండు కాంటాక్టులుంటాయి. ఏ పల్స్ ముందొస్తే దాన్నిబట్టి పెంచాలా, తగ్గించాలా అన్నది తేలుతుంది. భూపాలపల్లి బొగ్గు గనుల వైపో, జనగామ, మహబూబాబాద్ మట్టిదారుల్లోనో తిరిగే కారులో దుమ్ము చేరితే ఈ లెక్క తప్పుతుంది.

స్టీరియోకి సెక్యూరిటీ కోడ్ ఉంటే ముందే రాసిపెట్టుకోండి, లేదంటే బ్యాటరీ తీశాక సెట్ లాక్ అయిపోవచ్చు. తర్వాత బ్యాటరీ నెగటివ్ వైర్ తీసి, నాబ్ క్యాప్ మెల్లగా లాగి, ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, ఓ 30 సార్లు అటూ ఇటూ తిప్పండి. పూర్తిగా ఆరాకే బ్యాటరీ కలపండి.

అయినా తగ్గకపోతే కాంటాక్టులు అరిగి ఉండొచ్చు. అప్పుడు కూడా ఎన్‌కోడర్ ఒక్కటే మార్చి సోల్డర్ చేయించండి, సెట్ మొత్తం కొనక్కర్లేదు.