మూడు మార్కుల మైదానం

సెలక్షన్లకు వెళ్లే పిల్లలు సెలక్టర్ల కంట్లో పడాలంటే ఏం చేయాలి? ఈ వారం ముఖచిత్ర కథనానికి ఎడిటర్ గారు అప్పగించిన పని ఇది. బుధవారం సాయంత్రానికి పేజీలు అయిపోవాలన్నారు. నాలుగు అకాడమీలు చూసి, కోచ్‌లతో మాట్లాడి రాసేద్దామనే బయల్దేరాను. కానీ ఒక మండల కేంద్రంలో హైస్కూల్ మైదానానికి వెళ్లి, అక్కడి వ్యాయామ ఉపాధ్యాయుడు, పీఈటీ సార్ చేతిలో అట్టకు క్లిప్పు పెట్టి ఉన్న కాగితం చూశాక మిగతావన్నీ పక్కకు జరిగిపోయాయి.

అది తెలంగాణ స్పోర్ట్స్ స్కూళ్లలో నాలుగో తరగతి ప్రవేశాలకు వాడే మార్కుల షీటు. ఎడమ పక్కన పిల్లల పేర్లు, పైన తొమ్మిది గళ్లు: ఎత్తు, బరువు, 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్, స్టాండింగ్ బ్రాడ్ జంప్, వర్టికల్ జంప్, 6×10 మీటర్ల షటిల్ రన్, మెడిసిన్ బాల్ త్రో, ఫ్లెక్సిబిలిటీ, 800 మీటర్ల పరుగు. ఒక్కోదానికి మూడు మార్కులు, మొత్తం ఇరవై ఏడు. మండలంలో నెగ్గినవాళ్లు జిల్లాకు, అక్కడ నెగ్గినవాళ్లు రాష్ట్ర స్థాయికి వెళ్తారు. హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్ స్కూళ్లలో ఉన్న సీట్లు కొద్దే. కాబట్టి ఒక్క మార్కుతో ఒక బిడ్డ బతుకు దారే మారిపోవచ్చు.

ఆ షీటులో బూట్ల కంపెనీకి గడి లేదు. ట్రాక్ సూటుకు లేదు. ఎవరి తాలూకు అన్నదానికీ లేదు. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లల దగ్గర టేపు, స్టాప్‌వాచ్ మాట్లాడతాయి. నాకు ఈ కాగితం మీద గౌరవం కలిగింది అందుకే. కానీ అరగంట అక్కడే నిలబడి చూస్తే, టేపు కూడా అందరితో ఒకేలా మాట్లాడదని తెలిసింది. అది ఎక్కడి నుంచి ఎక్కడికి కొలుస్తుందో తెలిసిన పిల్లలు, తెలియని పిల్లలు, ఇద్దరూ ఒకే వరుసలో నిలబడి ఉన్నారు.

బ్రాడ్ జంప్ దగ్గర ఒక పాప వంతు వచ్చింది. చెప్పుల్లేవు. గౌను అంచు పైకి చెక్కుకుని గీత వెనక నిలబడింది. చేతులు వెనక్కి ఊపి, మోకాళ్లు వంచి, ఒక్క ఉదుటున దూకింది. మడమలు ఇసుకలో దిగిన చోటు చూస్తే అంతకుముందు దూకిన అబ్బాయిల కంటే ముందుంది. మరుక్షణం వెనక్కి తూలి, ఆపుకోవడానికి కుడి చెయ్యి నేలకు ఆన్చింది. టేపు మడమ దగ్గర ఆగలేదు, ఆ చేతి ముద్ర దగ్గర ఆగింది. ఒంట్లో ఏ భాగం గీతకు దగ్గరగా నేలను తాకితే దూరం అక్కడి వరకే లెక్క. ఆ బిడ్డ దూకిన దూరంలో మూరెడు గాలికి పోయింది.

"చెయ్యి ఎన్కకు పెట్టొద్దు బిడ్డా. పడితే ముందుకు పడు. దిగంగనే మోకాళ్లు వంచి పెయ్యి ముందుకు తోయ్" అన్నారు సార్. రెండోసారి దూకినప్పుడు ఆమె మోకాళ్ల మీద ముందుకు పడింది. ఈసారి టేపు మడమ దగ్గరే ఆగింది. మధ్యలో ఆమె కాళ్లకు కొత్త బలమేమీ రాలేదు. ఒక్క మాట తెలిసింది, అంతే.

ఆ ఒక్క మాట పట్నంలో కోచింగ్ క్యాంపుకు వెళ్లే పిల్లాడికి నెల ముందే తెలుస్తుంది. ఊరి బడి పిల్లకు, పీఈటీ పోస్టు ఖాళీగా ఉన్న చోట, సెలక్షన్ రోజు కూడా తెలియకపోవచ్చు. దీన్ని ప్రతిభలో తేడా అనుకుని ఆమెను ఇంటికి పంపితే అన్యాయం ఆమెకు ఒక్కదానికే కాదు, రాష్ట్రానికి కూడా.

అందుకే మిగతా గళ్లలో కొన్నిటి సంగతి కూడా విడమరిచి రాస్తున్నాను. ఫ్లయింగ్ స్టార్ట్‌లో పిల్లలు కొలత మొదలయ్యే గీత వెనక నుంచే పరుగెత్తుకుంటూ వస్తారు. మొదటి గీత దాటేటప్పుడు వాచీ నొక్కుతారు, 30 మీటర్ల దగ్గర ఆపుతారు. కాబట్టి మొదటి గీత దగ్గరకు వచ్చేసరికే పూర్తి వేగం అందుకోవాలి. చాలామంది ఆఖరి గీత కనబడగానే ఆగడానికి సిద్ధపడతారు, అక్కడే సెకన్లో పదో వంతులు పోతాయి. గీత దాటాక ఇంకో పది మీటర్లు పరుగెత్తాలన్నట్టే పరుగెత్తాలి. షటిల్ రన్ అంటే పది మీటర్ల మధ్య ఆరు పరుగులు, ఐదు మలుపులు. వేగంగా పరుగెత్తే పిల్లలు కూడా మలుపులో నిటారుగా లేచి ఓడిపోతారు. గీత చేరకముందే నడుము కిందికి దించి, అడుగులు చిన్నవి చేసి తిరగాలి. గీతను కాలితో తాకాలా, చేత్తోనా అన్నది పరీక్ష పెట్టేవాళ్లను ముందే అడగాలి. అడిగిన పిల్లను ఎవరూ తప్పుగా అనుకోరు సరికదా, సార్లు గుర్తు పెట్టుకుంటారు.

వర్టికల్ జంప్‌లో ముందు నిలబడి చెయ్యి ఎంత వరకు అందుతుందో గుర్తిస్తారు, తర్వాత ఎగిరి ఎక్కడ ముట్టారో చూస్తారు. ఆ రెంటి మధ్య తేడాకే మార్కులు. ఎగిరినప్పుడు భుజం సాగదీసి, పైకి పూర్తిగా లేచిన క్షణంలోనే గోడ ముట్టాలి. ఫ్లెక్సిబిలిటీ దగ్గర ఊపుగా ముందుకు విసురుకుంటే లెక్కలోకి రాదు. మోకాళ్లు లేవకుండా మెల్లగా వంగి, చేతివేళ్లు చేరిన చోట ఆగాలి.

ఇక 800 మీటర్లు. అన్నిటికంటే ఎక్కువ మంది పిల్లలు గుండె జారి నిలిచిపోయేది ఇక్కడే. ఈల వినబడగానే వంద మీటర్ల పందెంలా ఉరుకుతారు, సగం దూరానికి పొట్ట పట్టుకుని నడుస్తారు. అది ఊపిరి లేక కాదు, దూరం అంచనా తెలియక. ఇంటి దగ్గర వారానికి మూడు రోజులు అంత దూరం ఒకే వేగంతో పరుగెత్తి అలవాటు చేసుకున్న బిడ్డ, అందరూ ముందుకు వెళ్లిపోయినా కంగారు పడదు. ఫస్ట్ బస్సుకు ఖాళీ కడుపుతో వచ్చి ఎండలో పదకొండింటికి పరుగెత్తే పిల్లల్ని చూస్తే మనసు చివుక్కుమంటుంది. రెండు గంటల ముందు రెండు ఇడ్లీలో ఒక అరటిపండో తినిపించండి.

ఈ సెలక్షన్ల వెనక చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల తర్వాత, 1984లో భారత క్రీడా ప్రాధికార సంస్థ ఏర్పడింది. చిన్న వయసులోనే ప్రతిభ వెతికి పట్టాలన్న పథకాలు దాని వెంటే వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ 1993లో మొదలైంది. కడపలో మరొకటి ఆ తర్వాత వచ్చింది. 2018లో ఖేలో ఇండియా బడి ఆటలను టీవీ తెర మీదకు తెచ్చింది.

షీటు మీద గౌరవం ఉన్నా, దానితో నాకో పేచీ ఉంది. ఎత్తుకూ బరువుకూ కలిపి ఆరు మార్కులు. తొమ్మిదేళ్లప్పుడు ఎనిమిది నెలల తేడా అంటే ఒంట్లో చాలా తేడా. కటాఫ్ తేదీ దాటిన వెంటనే పుట్టినవాడు అదే బ్యాచ్‌లో నెలల తర్వాత పుట్టినవాడి కంటే పొడుగ్గా కనిపించవచ్చు, అంతమాత్రాన వాడు మంచి ఆటగాడని కాదు. ఓడిపోతున్నా తగ్గని మొండితనానికి గడి లేదు. దానికి కావాల్సింది మనిషి కన్ను. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి పరుగును మొదట పసిగట్టింది ఆమె బడి వ్యాయామ ఉపాధ్యాయుడే. 2024 మేలో కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి మేధో వైకల్యం ఉన్న అథ్లెట్ల టీ20 విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ప్రతి బడికీ ఒక పీఈటీ ఉండాలని నేను గట్టిగా అనేది ఇందుకే.

జట్టు ఆటల సెలక్షన్లలో ఆ కన్నే నడుస్తుంది. వాలీబాల్, క్రికెట్, ఏదైనా సరే, బంతి తన దగ్గర లేనప్పుడు పిల్లాడు ఏం చేస్తున్నాడో కోచ్ చూస్తాడు. క్రికెట్‌లో త్రో వస్తుంటే వెనక బ్యాకప్‌కు వెళ్లాడా? క్యాచ్ నాదని గట్టిగా అరిచాడా? క్యాచ్ వదిలేశాక తల దించుకుని నిలబడ్డాడా, బంతి కోసం పరుగెత్తాడా? నెట్స్‌లో దొరికేది కొద్ది బంతులే. బౌలర్ అయితే మొదటి బంతి తన మామూలు లైన్, లెంగ్త్‌లో వేయాలి. అన్ని బంతులూ సిక్సర్లు కొట్టబోయే బ్యాటర్ మూడోదానికే బౌల్డ్ అవుతాడు. ఫారంలో ఆల్‌రౌండర్ అని రాయాలన్న ఉబలాటం తల్లిదండ్రులది. పిల్లాడు బాగా చేసేదేదో అదే రాయండి, ముందు ఆ వరుసలోనే నిలబెట్టండి. రెండో అవకాశం రాకపోవచ్చు.

వయసు విషయంలో

బీసీసీఐ అండర్-16 అబ్బాయిలకు మణికట్టు ఎక్స్‌రే తీసి, టీడబ్ల్యూ3 పద్ధతిలో ఎముకల వయసు లెక్కగడుతుంది. సర్టిఫికెట్‌లో ఏడాది తగ్గించి రాయిస్తే ఎముక దాచిపెట్టదు. పట్టుబడితే నష్టపోయేది రాయించిన పెద్దలు కాదు, ఆ పిల్లాడు.

బరువు విషయంలో

కబడ్డీకి బరువు పరిమితి ఉంటుంది. తూకం కోసం పిల్లల్ని ముందు రోజు పస్తు పెట్టకండి, నీళ్లు మాన్పించకండి. ఆకలితో ఉన్న పిల్లకు రెయిడ్‌లో కాళ్లు ఆడవు.

సంచిలో ఉండాల్సినవి

జనన ధ్రువీకరణ పత్రం, బోనఫైడ్, ఆధార్, అవసరమైన చోట కుల ధ్రువీకరణ, పాస్‌పోర్టు సైజు ఫొటోలు. అన్నిటికీ రెండేసి జిరాక్సులు. పేరు, పుట్టిన తేదీ అన్నిటిలో ఒకేలా ఉన్నాయో లేదో వారం ముందే చూసుకోండి. నీళ్ల సీసా, తువ్వాలు, అలవాటైన బూట్లు పెట్టండి. ఆ రోజు కోసం కొన్న కొత్త బూట్లు మడమ ఒరుస్తాయి. ఒట్టి కాళ్లతో పరుగెత్తే అలవాటున్న బిడ్డను అలాగే పరుగెత్తనివ్వండి.

అమ్మానాన్నలకు

గీత అవతల నుంచి అరవకండి. ఎంపిక కాకపోతే ఏ పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయో మర్యాదగా అడిగి రాసుకోండి. ఫ్లెక్సిబిలిటీలో, 800 మీటర్లలో పోయిన మార్కులు సాధనతో తిరిగి వస్తాయి. స్పోర్ట్స్ స్కూల్ వయసు దాటిపోయినా స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్-14, 17, 19 విభాగాల్లో ఉన్నాయి. వాటి సెలక్షన్ తేదీలు బడికి వచ్చే సర్క్యులర్‌లో ఉంటాయి. బడి తెరవగానే పీఈటీ సార్‌నో మేడమ్‌నో కలిసి పిల్లల పేర్లు ఇచ్చి రండి.