ఖరగ్‌పూర్ కార్ఖానాలో మన చేతులు

పలాస, ఆమదాలవలస, బొబ్బిలి వైపు పాత ఇళ్లలో అడిగి చూడండి, ఖరగ్‌పూర్‌లో పనిచేసిన తాతో మేనమామో తగులుతారు. మా తాత అక్కడ ఫిట్టరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కట్టిన ఆ వర్క్‌షాపు 1904 నాటికి నడుస్తోంది. వానని నమ్ముకున్న మెట్టపొలాల నుంచి మనవాళ్లు నెలజీతం కోసం రైలెక్కారు. బెంగాల్ గడ్డ మీద తెలుగు వీధులు వెలిశాయి.

ఓవర్‌హాల్‌కి వచ్చిన రైలు పెట్టెని క్రేన్లతో పైకెత్తి, కింద చక్రాల బోగీల్ని వేరుచేస్తారు. అరిగిన చక్రాన్ని లేతుమీద తిప్పి, అంచుని మళ్లీ కొలతకి తెస్తారు. బ్రేకులు, స్ప్రింగులు, బేరింగులు అన్నీ విప్పి చూడాల్సిందే. తాత సుత్తితో చక్రాన్ని తట్టి, చెవి ఒగ్గి వినేవాడట. “పగిలితే సక్రం గొంతు మారిపోద్దిరా గుంటడా,” అనేవాడు. ఇప్పుడు ఇరుసు లోపలి పగుళ్లను అల్ట్రాసోనిక్ యంత్రం పడుతుంది. ఈసారి రైలెక్కేటప్పుడు పెట్టె చివరి గోడ చూడండి: ఏ వర్క్‌షాపులో, ఎప్పుడు బాగుచేశారో, మళ్లీ ఎప్పుడు పంపాలో రాసి ఉంటుంది.

1927లో ఉద్యోగాల కోతపై ఖరగ్‌పూర్ కార్మికులు పోరాడారు. వారి సంఘాన్ని నడిపిన వరాహగిరి వెంకటగిరి 1937లో బొబ్బిలి రాజానే ఎన్నికల్లో ఓడించారు, 1969లో రాష్ట్రపతి అయ్యారు. గిరిగారి పేరు పుస్తకాల్లో ఉంది. సమ్మె నాళ్లలో జీతం లేక పస్తులున్న ఫిట్టర్లు, కమ్మరుల పేర్లు కూడా మన జిల్లాల చరిత్రలో ఉండాలి. వాళ్ల పిల్లలు ఇంకా ఉన్నారు, అడిగి రాసుకోవచ్చు.